ముందే పెట్టిన సంతకం

“కాలరు ఇంకాస్త బిరుసుగా రావాలి డీలియా. ఇవాళ ఉనా పక్కన నిలబడి మాట్లాడాలి,” అన్నాడు మాలకీ, అద్దంలో మీసం చూసుకుంటూ.

ఇస్త్రీపెట్టెలో చల్లారిపోయిన ఇనపబిళ్ళను తీసి పొయ్యిలోకి తోసింది డీలియా. నిప్పుల్లో కాలుతున్న ఇంకో బిళ్ళను పటకారుతో పట్టి పెట్టెలో వేసుకుంది. ఉనా పక్కనట! పన్నెండేళ్ళ కాపురంలో పెళ్ళాం పక్కన నిలబడటానికి ఈ మనిషి ఏనాడైనా కాలరు సంగతి అడిగాడా? ఏప్రిల్‌లో ఆమె ‘మిస్ కాసిడీ గారు’. మే నెలకి ‘మిస్ ఉనా’. జూన్ వచ్చేసరికి ఒట్టి ‘ఉనా’ అయి కూర్చుంది. పేరు కురచయ్యేకొద్దీ డీలియా కడుపులో మంట పెరిగింది.

ఆ ఉనా బడిపంతులమ్మ. సైకిలు మీద తిరుగుతుంది, టోపీకి ఆకుపచ్చ రిబ్బను. లండన్ దొరలు జర్మనీతో చేస్తున్న తమ యుద్ధానికి ఐర్లండ్ కుర్రాళ్ళను బలవంతాన పట్టుకుపోతామని చట్టం చేసినప్పటినుంచీ ఊళ్ళో ఏ సభ జరిగినా ఆమె ఉండాల్సిందే. నిజం చెప్పాలంటే డీలియాకి ఆమె ముఖం మీద కన్ను లేదు. కుడిచేతి మధ్యవేలికి అంటుకుని ఉండే సిరామరక మీదే కన్ను. తన వేళ్ళకేముంది? గుర్రపు జీనులు కుట్టే దారానికి మైనం పూసీ పూసీ కాసిన కాయలు. కొట్టు మీద బోర్డు మాలకీ కీవ్నీది. లోపల సగం కుట్లు ఆమెవి.

అన్నిటికన్నా మండింది ఒక మాట దగ్గర. మొన్నొక రోజు మాలకీ వంటింట్లో ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు. లండన్ పార్లమెంటు, మన జాతి హక్కులు, శతాబ్దాల అన్యాయం అంటూ సాగదీస్తున్నాడు. రొట్టెపిండి కలుపుతున్న డీలియా విసుగెత్తి, “ఇంత చాంతాడెందుకు? అడక్కుండా ఒకరి తరఫున సంతకం పెట్టే హక్కు ఎవడికీ లేదని చెప్పు, చాలు,” అంది. ఆ ఆదివారం మాలకీ సభలో ఆ మాటే అన్నాడు. జనం ఊగిపోయారు. ఇంటికొచ్చి, “ఆ వాక్యం ఉనాకి ఎంత నచ్చిందో! ‘మీకెలా తోస్తాయండీ ఇలాంటివి?’ అంది,” అని పొంగిపోయాడు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ పెళ్ళాం మాట మొగుడు దానం చేస్తే చప్పట్లు మరొకతె కొట్టింది.

ఇప్పుడు ఇంకోటి వచ్చిపడింది. రైల్వే స్టేషన్లో టికెట్లిచ్చే ఓవెన్ పోయినేడు సైన్యంలో చేరిపోయాడు. “లెక్క తప్పని మనిషివి, నువ్వు వస్తావా?” అని స్టేషన్ మాస్టరు డీలియాను అడిగాడు. రేపు సోమవారంలోగా జవాబు చెప్పాలి. ఆ చిన్న కిటికీ, దాని వెనక తనకంటూ ఓ కుర్చీ! వారం రోజులుగా నిద్రలో కూడా ఆమెకు అదే.

“కొట్లో కుట్లు ఎవరు వేస్తారు? నా మోకాళ్ళకి మందెవరు రాస్తారే?” అంది అత్తగారు, జపమాల తిప్పడం ఆపకుండా.

“ఇవాళ ఆడవాళ్ళంతా ప్రమాణం చేస్తున్నారుగా, సైన్యానికి పోయిన మగవాళ్ళ ఉద్యోగాల్లో తాము చేరబోమని. దాంతో ఆ టికెట్ల గొడవ తీరిపోతుంది,” అన్నాడు మాలకీ, కాలరు బొత్తాం పెట్టుకుంటూ.

పూజ అయ్యాక చర్చి గుమ్మం దగ్గర సంతకాలకని బల్ల వేసి ఉంది. ఆడవాళ్ళు వరస కట్టారు. డీలియా వంతు రాగానే బల్ల వెనకనుంచి ఉనా నవ్వింది.

“మీరెందుకు ఎండలో నిలబడ్డారండీ? మీ సంతకం నిన్ననే అయిపోయింది. ఇంటి పని తెమలదంటూ మీవారే పెట్టేశారు.”

కాగితం మీద ‘మిసెస్ మాలకీ కీవ్నీ’. ఆ వంకర ‘కీ’ మొగుడిదే, సందేహం లేదు.

డీలియా ముఖం జేవురించింది. నిన్న వీళ్ళిద్దరూ కూర్చుని తన పేరు, అదీ తన పేరు కాని పేరు, రాసుకున్నారన్నమాట! తను ఆ వేళకి అత్తగారి మోకాళ్ళకి మందు రాస్తోంది.

“కలం ఇలా ఇవ్వండి,” అంది. ముందు పైనున్న ప్రమాణం చదివింది, అందరికీ వినపడేలా. బలవంతాన సైన్యానికి పట్టుకుపోయిన మగవాళ్ళ చోట్లలో మేము చేరము. అంతే ఉంది. “ఓవెన్‌ని ఎవరు పట్టుకుపోయారు? మనమంతా చూస్తుండగానే తాగి, పాడుకుంటూ రైలెక్కాడుగా!”

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. డీలియా ఆ పాత సంతకాన్ని కొట్టేసి, కింద ‘డీలియా కీవ్నీ’ అని రాసింది. కుర్రాళ్ళను పట్టుకుపోతామంటే ఆమెకూ ఒళ్ళుమంటే. ఆ సంతకం మనసారా పెట్టింది.

“తప్పు నాదేనండీ. మిమ్మల్ని అడగాల్సింది,” అంది ఉనా, ఎర్రబడి.

మాలకీ గబగబా వచ్చాడు. “ఏంటీ రభస? ఇంటికెళ్ళాక మాట్లాడుకుందాం,” అని పళ్ళ మధ్యనుంచి గొణిగి, చర్చి ప్రహరీగోడ మీదికెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాడు. లండన్, పార్లమెంటు, అన్యాయం. ఆ మాట దగ్గరికి వచ్చాడు. జనానికి అది నోటికొచ్చేసింది, కాచుకుని ఉన్నారు.

“అడక్కుండా ఒకరి తరఫున…”

ఎదురుగా పెళ్ళాం కనిపించింది. ఆగాడు. దగ్గాడు. మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

“…సంతకం పెట్టే హక్కు ఎవడికీ లేదు!” అంది డీలియా కిందనుంచి, గట్టిగా.

అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది ఉనాయే. డీలియా తన కుడిచేతిని చూసుకుంది. మధ్యవేలికి సిరా అంటింది. ఆ చేత్తోనే శాలువా సర్దుకుని స్టేషన్ మాస్టరు ఇంటి దారి పట్టింది.