నోరు నొక్కిన సందేశం

వీడియో ఇంటర్వ్యూ పదింటికి. తొమ్మిదిన్నరకే ఆమె ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. కాలేజీలో కంప్యూటర్ ల్యాబు చూసుకునే ఉద్యోగం అది. పోయిన వారం మాట సగంలో ఉండగా ల్యాప్‌టాప్ చెప్పాపెట్టకుండా ఆరిపోయింది. వాళ్లు పెద్ద మనసుతో ఇంకో అవకాశం ఇచ్చారు. మూడోది మాత్రం ఉండదన్నారు.

పాత ల్యాప్‌టాప్ కదా అని అందులో లినక్సు అనే సిస్టమ్‌ను అదనపు హంగులేవీ లేకుండా ఎక్కించుకుంది. బ్యాటరీ అయిపోతోందని చెప్పే నాథుడు అందులో లేడు. ఛార్జింగ్ పెడదామంటే పనిచేసే ప్లగ్గు ఒక్కటే, అదీ వంటింట్లో అంట్లగిన్నెల పక్కన. అందుకే తనే చిన్న స్క్రిప్టు రాసుకుంది. అది నిమిషానికోసారి బ్యాటరీని చూసి, ఇరవై శాతానికి దిగితే తెర మూలన సందేశం చూపిస్తుంది.

"ఏమని చూపిస్తుంది?" అన్నారు పెళ్లయి నెలన్నరైన శ్రీవారు.

"బ్యాటరీ తక్కువ, అని."

"అంత పొడిపొడిగానా? 'పోతున్నాను తల్లీ, కాపాడు' అని పెట్టవోయ్!"

నవ్వుకుంటూ అదే పెట్టింది. పరీక్ష కోసం హద్దును తొంభై ఐదు చేస్తే సందేశం టింగుమంటూ ఊడిపడింది. ఇద్దరూ చప్పట్లు కొట్టారు. హద్దును మళ్లీ ఇరవైకి దించింది.

పదయ్యే ముందు ఇంకో జాగ్రత్త పడింది. ఇంటర్వ్యూలో తన తెర అవతలివాళ్లకీ కనిపిస్తుంది. శ్రీవారేమో పక్కగదిలోంచి కూడా ముద్దు మెసేజులు పంపే రకం. పరువు పోతుందని నోటిఫికేషన్లన్నీ ఆపేసింది.

ముప్పావుగంట బాగానే గడిచింది. "మీరు రాసింది ఏదైనా చూపించమ్మా," అన్నారు ఇంటర్వ్యూ చేస్తున్న ల్యాబు పెద్దావిడ.

ఆమె హుషారుగా ఆ స్క్రిప్టే తెరిచి, చేత్తో నడిపింది. తెర మీద బ్యాటరీ శాతం పడింది: ఏడు.

సందేశం ఎప్పుడో వచ్చి ఉండాలి. దాని నోరు నొక్కింది తనే! చెబితే నవ్వుతారు, దాస్తే నిమిషాల్లో ఆరిపోతుంది.

"మేడమ్, బ్యాటరీ ఏడు శాతమే ఉంది. మెసేజులు రాకుండా ఆపబోయి దీన్ని కూడా ఆపేశాను. ప్లగ్గు వంటింట్లో ఉంది, వెళ్లొచ్చా?"

"పరుగెత్తు!"

ల్యాప్‌టాప్‌ను చంటిబిడ్డలా ఎత్తుకుని పరుగెత్తింది. "ఏవండీ, జరగండి!" సబ్బు చేతులతో శ్రీవారు గోడకు అతుక్కుపోయారు. ప్లగ్గు పెట్టేసరికి అంకె నాలుగు.

"సరే, ఇప్పుడేం మారుస్తావు?" అన్నారు పెద్దావిడ.

"దీనికి అత్యవసరమని గుర్తు పెడతాను మేడమ్. మిగతావి ఆపినా ఇది ఆగదు. పైగా ఒక మోత కూడా."

"పెట్టు, చూద్దాం."

నిలబడే టైపు చేసింది. రెండుసార్లు తప్పు పడింది. మూడోసారి బూరలాంటి మోత, తెర మధ్యలో 'పోతున్నాను తల్లీ, కాపాడు!'

పెద్దావిడ పగలబడి నవ్వారు. "మా ల్యాబులో నలభై మెషీన్లున్నాయమ్మాయ్, అన్నీ ఇలా మొత్తుకునేవే. సోమవారం వస్తావా?"

ఆమె ఆనందంగా శ్రీవారి వైపు తిరిగింది.

"వస్తుందండీ!" అన్నారు గోడ దగ్గర్నుంచి శ్రీవారు.