మన అన్న పాపానికి

మా ఇంట్లో 'మా' అనే మాట నిషేధం. ఇప్పుడు మీతో 'మా ఇంట్లో' అనేశాను చూశారా, ఆ ధైర్యం ఈ మధ్యే వచ్చింది. ఎలా వచ్చిందో చెబుతాను.

కాపురానికి వచ్చిన కొత్తలో ఎదురింటావిడతో "తీరిక దొరికితే మా ఇంటికి రండి" అన్నాను. ఆవిడ అటు వెళ్ళగానే అత్తగారు నన్ను లోపలికి పిలిచారు. "అమ్మాయ్, 'మా ఇల్లు' అంటే వచ్చేవాళ్ళ ముఖం మీద తలుపేసినట్టుంటుంది. 'మన ఇంటికి రండి' అను. నోటిమాటేగా, అరిగిపోతుందా?" అన్నారు. కొత్త కోడలిని కదా, బుద్ధిగా తలూపాను. ఆ తర్వాత బుద్ధిగా తలూపిన సందర్భాలు పెద్దగా లేవు. నాకు కోపం ముక్కు మీదే కాపురం ఉంటుంది.

తల్లి నేర్పిన మాట కొడుక్కి మరీ వంటబట్టింది. మా ఆయన సోఫాలు బాగుచేస్తారు. పాత బట్ట చింపి, స్పాంజి మార్చి, కొత్త బట్ట కుడతారు. ఇంటి వెనక రేకుల షెడ్డే ఆయన షాపు. వచ్చిన ప్రతివాడితోనూ "మన షాపు, మన సోఫా, మన రేటు" అంటారు. ఎదుటివాడు బేరం మొదలుపెడితే వాడి తరఫున ఈయనే బేరమాడతారు. మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అని పెద్దలు ఊరికే అనలేదు.

మా ఇంటి పక్కగా ఒక సిమెంటు దారి ఉంది. ముందు వీధి గేటు దగ్గర మొదలై, వరండాను ఆనుకుని, షెడ్డు ముందునుంచి వెళ్ళి వెనక సందులో తేలుతుంది. సోఫాలు తెచ్చే వ్యాన్లు ఒకవైపు వచ్చి ఇంకోవైపు వెళ్ళిపోతాయని మామగారు రెండు వైపులా గేట్లు పెట్టించారు. షాపు నడిచేంతసేపూ రెండూ తెరిచే ఉంటాయి. స్థలం మాది, సిమెంటు మాది, రోజూ ఊడ్చే చెయ్యి నాది.

పక్కింట్లో దిగినాయన డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. అందరూ మాస్టారంటారు కాబట్టి నేనూ మాస్టారనే అంటాను. పిలుపులో గౌరవం ఉంచి, క్రియలో తీసేశాను. ఆయన కారు పెట్టుకునేది వెనక సందులో. ఒకసారి నీళ్ళ పైపుల కోసం సందు మలుపు తవ్వేశారు. కారు బయటికి తీయడానికి లేక మాస్టారు మా గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "రెండ్రోజులు మీ దారిలోంచి వెళ్ళనిస్తారా?" అని ఎంతో మర్యాదగా అడిగాడు.

"అయ్యో, దానికి అడగాలా మాస్టారూ? మన దారే అనుకోండి!" అన్నారు మా ఆయన.

అనుకోమంటే అనుకున్నాడు. పైపులు వేశారు, గుంత పూడ్చారు, పైన తారు కూడా పోశారు. మాస్టారు మాత్రం మా దారి వదల్లేదు. సందు మలుపు దగ్గర కారు తిప్పడం విసుగట. మొదట తనొక్కడే వెళ్ళేవాడు. తర్వాత నేర్చుకునేవాళ్ళని కూర్చోబెట్టుకుని వెళ్ళడం మొదలుపెట్టాడు. నెత్తిన ఎర్ర 'ఎల్' అక్షరం పెట్టుకున్న ఆ కారు మా వరండా పక్కన తూలుకుంటూ, ఆగుతూ, దగ్గుతూ పోయేది. ఏకై వచ్చి మేకై కూర్చోవడం అంటే ఏమిటో నాకు అప్పుడు బోధపడింది.

అయినా ఊరుకునేదాన్నేమో. ఊరుకోలేకపోయింది అత్తగారి వల్ల.

అత్తగారికి చూపు మెల్లమెల్లగా పోయింది. నరం ఎండిపోయింది, ఇక రాదు అన్నాడు డాక్టరు. ఆవిడ ఏడవలేదు. "ఇన్నాళ్ళూ చూసింది చాల్లే, అందులో సగం చూడకపోయినా నడిచేదే" అన్నారు. కానీ పనులు ఒక్కొక్కటీ చేజారాయి. స్టవ్ దగ్గరికి నేను వెళ్ళనివ్వలేదు. మేడమెట్లు మా ఆయన ఎక్కనివ్వలేదు. మిగిలింది ఒక్కటే. సాయంత్రం టీ ఫ్లాస్కు పట్టుకుని, ఎడమచెయ్యి గోడకి ఆనించి, ఆ దారి వెంట షెడ్డుదాకా నడిచి కొడుక్కి టీ ఇచ్చిరావడం. నేను వెనకాల వెళ్తే చప్పుడు పట్టేసి కసిరేవారు. ఇంట్లో ఆవిడ తనంతట తాను చేసే పని అదొక్కటే. ఆ పనికోసం మధ్యాహ్నం నుంచే తయారై కూర్చునేవారు.

ఒకరోజు ఆవిడ సగం దారిలో ఉండగా కారు వెనకనుంచి వచ్చింది. స్టీరింగు ముందు మందుల షాపాయన. నేర్చుకుంటున్నాడు పాపం, చెమటలు కారుస్తూ బ్రేకు తొక్కాడు. పక్కసీట్లోంచి మాస్టారు చెయ్యి చాచి హారన్ నొక్కాడు. నొక్కి పట్టుకున్నాడు.

నేను వరండాలోకి పరుగెత్తేసరికి అత్తగారు గోడకి అతుక్కుపోయి ఉన్నారు. రెండు చేతులూ గోడమీదే. ఫ్లాస్కు కిందపడి టీ అంతా సిమెంటు మీద పారుతోంది. కారు ఆవిడ పక్కనుంచి మెల్లగా దూరి వెళ్ళిపోయింది. దెబ్బ తగల్లేదు. తగలలేదు కాబట్టి ఏమీ కాలేదన్నారు అందరూ.

మర్నాడు నేను కొత్త ఫ్లాస్కు చేతికిస్తే ఆవిడ తీసుకోలేదు. "మోకాలు సలుపుతోందమ్మాయ్, నువ్వు ఇచ్చిరా" అన్నారు. ఆ మర్నాడూ అదే మోకాలు. వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. దూరంగా ఎక్కడ హారన్ మోగినా చేతులు కుర్చీ అంచుల్ని పట్టుకుంటున్నాయి. ఆవిడ మళ్ళీ ఆ దారిలో నడవాలి, నాకు కావలసింది అంతే.

మాస్టారి ఇంటికెళ్ళి అడిగేశాను. "ఇక మా దారిలోకి కారు తేవద్దండీ."

"అదేంటి చెల్లెమ్మా, మీవారేగా మన దారి అన్నారు! మగవాడు మాటంటే నిలబడాలి కదా?"

"రెండ్రోజులకి అన్నారు."

"రెండ్రోజులన్నది నేను. ఆయన రోజుల లెక్క చెప్పలేదు."

"మా అత్తగారు ఆ రోజు హడలిపోయారు, మీరు చూశారుగా!"

"మంచికే చెబుతున్నా, పెద్దావిడని లోపల కూర్చోబెట్టుకోండి. చూపులేని మనిషిని అలా రోడ్డు మీద వదిలేస్తే ఎలా?"

రోడ్డట! మా వాకిలి ఆయనగారికి రోడ్డయిపోయింది. అగ్గిమీద గుగ్గిలమై ఇంటికొచ్చి, మా ఆయనతో చెప్పాను. "మాట ఇచ్చాం కదే, ఇరుగుపొరుగు అన్నాక సర్దుకోవాలి" అన్నారు. మర్నాడు రెండు గేట్లకీ తాళాలు వేశాను. మాస్టారు హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. మా ఆయన పరుగున వెళ్ళి తాళాలు తీసి, పైగా "సారీ మాస్టారూ, చూసుకోలేదు" అన్నారు. ఆ పూట ఇంట్లో ఎవరికీ నా మాట వినపడలేదు, గిన్నెల చప్పుడే వినపడింది.

సరే, మాటతో వచ్చిన తంటా మాటతోనే తీరుద్దామనుకున్నాను.

తర్వాతి రోజు కారు మా దారిలోకి రాగానే సంచి పట్టుకుని ఎదురుగా నిలబడ్డాను. మందుల షాపాయన బ్రేకు వేశాడు. వెనక తలుపు తీసుకుని దర్జాగా ఎక్కి కూర్చున్నాను.

మాస్టారు వెనక్కి తిరిగాడు. "ఏంటమ్మా ఇది?"

"ఏముంది మాస్టారూ, మన కారేగా! కూరల మార్కెట్ దగ్గర దింపేయండి."

"ఇది నా కారమ్మా!"

"అబ్బో! మీ నోట్లో 'నా' అనే మాట కూడా ఉందన్నమాట! మా వాకిట్లోకొచ్చేసరికి ఎక్కడ దాక్కుందో?"

మందుల షాపాయన ఫక్కున నవ్వి క్లచ్ వదిలేశాడు. కారు గెంతి ఆగిపోయింది. ఎంత చెప్పినా దిగకపోయేసరికి చివరికి మార్కెట్ దాకా దింపక తప్పింది కాదు. ఆ రోజు కొన్న ఒక్క కూరా ఇంట్లో అవసరం లేదు, అయినా సంచి నిండా కొన్నాను.

గెలిచాననుకున్నాను. మరుసటి రోజు మాస్టారు అద్దాలెక్కించి, తలుపులు బిగించి, ముందు గేటు నుంచి వెనక గేటు దాకా హారన్ కొట్టుకుంటూ పోయాడు. వరండాలో అత్తగారి చేతులు కుర్చీని వదల్లేదు. నా వెటకారం నాకు పనికొచ్చింది గాని ఆవిడకి పనికిరాలేదు.

ఆ సాయంత్రం షెడ్డులోంచి ఇద్దరు కూర్చునే సోఫా ఒకటి బయటికి లాగాను. కొత్త స్పాంజి వేశారు, బట్ట ఇంకా కుట్టలేదు. "ఎక్కడికి లాగుతున్నావ్?" అన్నారు మా ఆయన. "జిగురు వాసన పోవద్దూ? గాలి తగలాలి" అన్నాను. నమ్మేశారు. దాన్ని వరండా ముందు, దారికి సరిగ్గా అడ్డంగా పెట్టి, పక్కనే నడుముమీద చేతులేసుకుని నిలబడ్డాను.

కారు వచ్చింది, ఆగింది, మోగింది. నేను కదల్లేదు. ఆ మోతకి మా ఆయన షెడ్డులోంచి పరుగున వచ్చి, "ఒక్క నిమిషం మాస్టారూ, తీసేస్తా" అంటూ సోఫా ఒక చివర ఎత్తారు. నేను రెండో చివర మీద కూర్చున్నాను. ఆయన దించారు.

మాస్టారు కారు దిగాడు. "చూడండి, మీ ఆవిడకి చెప్పుకోండి. పెద్దావిడకి ఇబ్బంది అంటే అర్థముంది. ఆవిడ ఇప్పుడు ఈ దారిలోకి రావడమే మానేసిందిగా! ఇంకా ఎవరి కోసం ఈ అడ్డం?"

మా ఆయన ముఖం మాడిపోయింది. సోఫా మీంచి చెయ్యి తీసేశారు. నాకు బోలెడు మాటలు వచ్చాయి, ఏది ముందు వదలాలా అని చూస్తున్నాను. అంతలో వరండాలో కుర్చీ కిర్రుమంది.

"ఎవరు బాబూ, నేను రావడం మానేశానంది?"

అత్తగారు లేచారు. గోడ తడుముకుంటూ వరండా మెట్టు దిగారు. నేను చెయ్యి అందించబోతే నా గాజుల చప్పుడు విని "ఉండు" అన్నారు. వచ్చి సోఫా చెయ్యి దొరకబుచ్చుకుని, నిదానంగా నా పక్కన కూర్చున్నారు. అరచేత్తో స్పాంజి నొక్కి చూశారు.

"కొత్తదా అమ్మాయ్?"

"కొత్తదే అత్తయ్యా."

"మెత్తగా ఉంది. మావాడిలాగే."

మాస్టారు గొంతు సవరించుకున్నాడు. "పెద్దమ్మగారూ, మీలాంటివాళ్ళు కూడా ఇలా చేస్తే ఎలా చెప్పండి? మన దారి అనుకోమని మీ అబ్బాయే అన్నాడు."

"అన్నాడు. వాడికి ఆ మాట నేర్పింది నేనే. 'మన' అంటే నువ్వు మమ్మల్ని చూసుకుంటావని, మేం నిన్ను చూసుకుంటామని. నన్ను గోడకి అంటించి పొమ్మని కాదు." ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు. "నేను ఈ ఇంటికొచ్చాక పరాయివాళ్ళతో ఎన్నడూ అనని మాట ఒకటుంది, ఇవాళ నీతో అంటున్నాను. ఇది మన దారి కాదు బాబూ. మా దారి."

మాస్టారు మా ఆయన వైపు చూశాడు, ఆయనైతే జరుపుతారని. మా ఆయన సోఫా వెనక్కి వచ్చి, తల్లి భుజం వెనక నిలబడి, "అమ్మ చెప్పిందిగా మాస్టారూ, మా దారి" అన్నారు. ఆ 'మా' దగ్గర కాస్త తడబడ్డారు. మొదటిసారి కదా.

మాస్టారు విసురుగా వెళ్ళి పక్కసీట్లో కూర్చుని తలుపు ధడాలున వేశాడు. "వెనక్కి తీయండి!" అని మందుల షాపాయన మీద అరిచాడు.

"సార్, నాకింకా రివర్స్ నేర్పలేదు సార్. రోజూ ఈ దారిలోంచి ముందుకే పోతున్నాం కదా!"

మాస్టారు మళ్ళీ దిగాడు. ఇటునుంచి అటు తిరిగి, స్టీరింగు ముందు కూర్చుని, మెడ వెనక్కి తిప్పి, మా గేటు దాకా తన కారుని తానే వెనక్కి తీసుకెళ్ళాడు. పక్కసీట్లోంచి మందుల షాపాయన మాకు నమస్కారం పెట్టాడు. ఈసారి హారన్ మోగలేదు.

అత్తగారు చెవి రిక్కించి కారు చప్పుడు వీధిలో కలిసిపోయేదాకా విన్నారు. తర్వాత నావైపు వంగి మెల్లగా అడిగారు.

"అమ్మాయ్, ముఖం మీద తలుపేసేశానా?"

"వేసేశారు అత్తయ్యా."

"మరీ గట్టిగా వేశానంటావా?"

"గడియ కూడా పెట్టారు."

ఆవిడ పెదాలు బిగించారు, నవ్వు ఆగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. "అయితే ఫ్లాస్కు పట్రా. వాడికి టీ ఆలస్యమైపోతోంది" అన్నారు.

ఆ 'వాడు' పక్కనే నిలబడి ఉన్నాడు. నేను సైగ చేశాను. మా ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని, చప్పుడు కాకుండా, టీ అందుకోవడానికి షెడ్డులోకి పరుగెత్తారు.

నేను ఫ్లాస్కు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాను. ఆవిడ లేచి, సోఫాని తడుముకుంటూ దాటి, ఒక్క క్షణం గోడవైపు చెయ్యి చాచారు. చాచిన చెయ్యి వెనక్కి తీసేసుకున్నారు. దారి నడిమధ్యలోంచి షెడ్డుదాకా నడిచి వెళ్ళారు.