బలూచీ మరియం

శేషుకుమారిని జనం ఎన్నో అన్నారు, అన్నీ దులిపేసుకుంది. కానీ పనిమనిషి చేత అబద్ధాలకోరు అనిపించుకోవడం మాత్రం ఆవిడకు మింగుడు పడలేదు.

సంగతేమిటంటే, మస్కట్‌లో హమ్రియా పేటలోని ఒక పార్లర్‌లో గోరింటాకు పెట్టే మరియం వీడియోలంటే అక్కడి ఆడవాళ్ళకు పిచ్చి. ఒక వీడియోలో ఆమె తాను బలూచిస్తాన్ నుంచి వచ్చిన ముస్లిం కుటుంబపు బలూచీనని, బొంబాయిలో పెరిగానని, పాస్‌పోర్టులో ఉన్న మల్లీశ్వరి అనే పేరు ఏజెంటు తగిలించినదేనని చెప్పింది. దాని కింద శేషుకుమారి, "ఇది కడప పిల్ల. ఘుబ్రాలో రెండేళ్ళు మా ఇంట్లో అంట్లు తోమింది" అని రాసింది. ఇంకేముంది, అగ్గి రాజుకుంది. తెలుగువాళ్ళు రేషన్ కార్డు చూపించమన్నారు. బలూచీలు మా జాతేమైనా అంగట్లో సరుకా అన్నారు. అనుకోనివ్వండి, ఎవరి సొమ్మేం పోయిందని ఇంకొందరు వెనకేసుకొచ్చారు. మరియం మాత్రం ఆ ఇల్లే తెలీదంది, తెలుగే రాదంది. వీసా ఇచ్చి ఆమెను పనిలో పెట్టుకున్న పార్లర్ యజమానురాలు అరీబా, తనూ బలూచీయే, ఒక్క మాటతో తేల్చేసింది: "పెద్దిళ్ళవాళ్ళకి పనిమనుషులందరూ ఒక్కలాగే కనిపిస్తారు."

పోనీ పాత ఫొటో చూపిద్దామంటే ఇంట్లో ఒక్కటీ లేదు. పనిమనిషిని ఎవరు ఫొటో తీస్తారు?

అందుకే కూతురు విజేత నిశ్చితార్థానికి గోరింటాకు మరియమే పెట్టాలని పార్లర్‌కి కబురు పెట్టింది; రానంటే ఆ ఇల్లు తెలుసని ఒప్పుకున్నట్టే. అరీబాను కూడా రమ్మని మరీ మరీ పిలిచింది.

హాల్లో తివాచీ మీద తెలుగు ఆడవాళ్ళంతా చేరారు. పక్కింటి చంద్రిక ఫోన్ పట్టుకుని వీడియో తీస్తోంది. మరియం ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా తొడుక్కుని విజేత ముందు కూర్చుని పని మొదలుపెట్టింది.

"ఏమండీ, బలూచీలకి కూడా గోళ్ళల్లో గిన్నెల మసి వదలదా?" అంది చంద్రిక తెలుగులో. అందరూ నవ్వారు. "మిగిలిన కూర డబ్బాలో పెట్టిస్తే ఎంత మురిసిపోయేదో!" అంది శేషుకుమారి. మరియం చేతిలో గీత చెదరలేదు. తెలుగు రాని అరీబా కూడా మర్యాదకి నవ్వుతూ ఖర్జూరం తింటోంది.

శేషుకుమారికి ఒళ్ళు మండింది. అప్పుడు దేవవ్వ గుర్తొచ్చింది. మల్లీశ్వరి తల్లి. కూతురు నెంబరు మార్చేసి తెంచుకుపోతే, ఆ ముసలిది పోయిన వారం కూడా ఈవిడకే ఫోన్ చేసి, మా మల్లి కనిపిస్తే చెప్పమ్మా అని ఏడ్చింది.

"విన్నారా చంద్రికా? మా పాత పనిమనిషి తల్లి దేవవ్వ పోయిందట. కూతురా కూతురా అని కలవరించి పోయిందట. తలకొరివి పెట్టే దిక్కులేక వీధివాళ్ళే కానిచ్చారట."

చంద్రిక కూడా నవ్వు ఆపేసింది. మరియం చెయ్యి ఆగలేదు. మామిడిపిందె అంచు దిద్దింది, ఆకులు వేసింది. నిజంగా ఈమె ఆమె కాదేమోనని శేషుకుమారికే ఒక్క క్షణం అనుమానం వచ్చింది.

ఒక చెయ్యి పూర్తయింది. రెండో చేతి వైపు వెళ్దామని మరియం లేచింది. లేవడంలో పాదం విజేత మోకాలికి తగిలింది. అంతే, గబుక్కున వంగి విజేతను వేళ్ళతో తాకి ఆ వేళ్ళు కళ్ళకద్దుకుంది. మన ఇళ్ళల్లో పిల్లలకు మాటలతో పాటే వచ్చే అలవాటు అది. ఎంత దాచుకున్న మనిషికైనా చెయ్యి దానంతటదే పోతుంది.

హాలు గొల్లుమంది. "రక్తం బలూచీదే, చెయ్యి మాత్రం కడపది!" అని చంద్రిక పడీ పడీ నవ్వింది.

అరీబా నవ్వలేదు. కాలు తగిలితే తన పార్లర్‌లో హిందూ పిల్లలు ఏం చేస్తారో ఆమె రోజూ చూస్తూనే ఉంది. "మరియం?" అంది. మరియం గోరింటాకు కోన్ కింద పెట్టేసింది. అరీబా సామాను పెట్టె తనే సర్దుకుంది. "మా జాతి పిల్లవని ఊరందరితో గొడవపడ్డాను. రేపట్నుంచి రావద్దు. వీసా క్యాన్సిల్ చేయిస్తాను" అని హిందీలో చెప్పి వెళ్ళిపోయింది.

శేషుకుమారికి కడుపు నిండింది. మల్లీశ్వరి ఆవిడ ముందుకు వచ్చి, అప్పట్లో వంటింటి గుమ్మంలో నిలబడ్డట్టే చేతులు కట్టుకుని నిలబడింది.

"అమ్మా, మాయమ్మ ఎప్పుడు పోయిందమ్మా?"

బతికే ఉందే, నీ కోసమే ఏడుస్తోంది అన్న మాట శేషుకుమారి నోటిదాకా వచ్చింది. చంద్రిక ఫోన్ ఇంకా తన వైపే ఉంది, చెబితే తన అబద్ధమే వీడియోకెక్కుతుంది.

"నీకు తెలుగు రాదుగా మరియం?" అంది. "అయినా మీ అమ్మ బలూచీ కదా. నన్నడుగుతావేం?"