కిరణ్మయి ఒప్పుకుందట

ఇంగ్లండులో షెఫీల్డ్ ఊరి చివర ఉన్న ఆ కంపెనీ క్యాంటీన్‌లో ఆ రోజు కిరణ్మయి గీసిన నక్షాకి అందరూ చప్పట్లు కొట్టారు. కొట్టినవాళ్ళలో సగం మందికి ఆ నక్షా దేనికో ముందే తెలుసు. గీసినావిడకే తెలియదు.

ఏడాదిగా ఆమెకు అదే లోకం. కొత్త షెడ్డులో ఏ యంత్రం ఎక్కడ నిలబడాలి, లోహపు దిమ్మ ఏ దారిన వచ్చి ఏ దారిన పోవాలి, ఉత్పత్తి రెట్టింపు కావాలంటే ఎందరు మనుషులు కావాలి, అన్నీ ఆమె లెక్కే. తయారయ్యే భాగాలకు పేర్లుండవు, నంబర్లుంటాయి. ఎవరికెంత అవసరమో అంతే చెప్పడం అక్కడి పద్ధతి. అవన్నీ అణువిద్యుత్ కేంద్రాలకని కౌశిక్ చెప్పాడు. కౌశిక్ ఆమె మొగుడు. ప్రభుత్వం పంపే కాంట్రాక్టులు చదివి పైవాళ్ళకు విడమరిచి చెప్పడం అదే కంపెనీలో అతని ఉద్యోగం. కట్టుకున్నవాడే చెప్పాక ఇంకొకర్ని అడగడమేమిటి? నమ్మింది.

రక్షణశాఖ నుంచి వచ్చిన పెద్దమనిషి లేచి, రోజులు బాగాలేవన్నాడు. దేశానికి క్షిపణుల మొనల్లో అమర్చే కొత్త వార్‌హెడ్లు కావాలన్నాడు. వాటిలో వాడే భాగాలను ఇప్పటికంటే రెట్టింపు తయారు చేయగల సత్తా కంపెనీకి ఉండి తీరాలని ప్రభుత్వం షరతు పెట్టిందనీ, ఆ షరతు తీర్చే దారి ఈ నక్షా చూపించిందనీ అన్నాడు. ఎంత మర్యాదగా అన్నాడని! ఊరికి మంచినీళ్ళ కొళాయి వేయించినట్టే మాట్లాడాడు.

కిరణ్మయి టీ కప్పు బల్ల మీద పెట్టేసింది.

ఆమె తండ్రి వీరాంజనేయులు సైన్యం మందుగుండు ఫ్యాక్టరీలో పనిచేస్తూ కుడిచేయి మణికట్టు దాకా పోగొట్టుకున్నాడు. చేయి పోయిందని ఆయన ఏనాడూ ఏడవలేదు. ఎడమచేత్తో తినాల్సి వచ్చిందనే ఏడ్చాడు. ఆ తర్వాత ఏ పెళ్ళిలోనూ పంక్తిలో కూర్చోలేదు. తలుపు వేసుకుని తినే తండ్రిని చూస్తూ పెరిగిన పిల్ల, పెళ్ళిచూపుల్లో తననూ కౌశిక్‌నీ బాల్కనీలోకి పంపినప్పుడు ఒక్కటే షరతు పెట్టింది. "ఆకలితో మాడినా సరే, ఆయుధాల పని మాత్రం చేయను." కౌశిక్ అప్పుడు బుద్ధిమంతుడిలా తలూపాడు. తలూపడానికి ఖర్చేముంది?

చప్పట్లు ఆగాక మేనేజర్ హెలెన్ దగ్గరికొచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది.

"మీ నాన్నగారి సంగతి కౌశిక్ చెప్పాడు. అంత జరిగినా నువ్వు ఒప్పుకున్నావంటే చాలా పెద్ద మనసు, కిరణ్."

"నేనెప్పుడు ఒప్పుకున్నాను?"

హెలెన్ నవ్వు సగంలో ఆగింది. ఆయుధాల పని ఇష్టం లేనివాళ్ళు తప్పుకోవచ్చని కంపెనీలో నియమం ఉంది. ఈ పనిలోకి తీసుకునే ముందు అందరినీ విడివిడిగా అడిగింది హెలెన్. ఒక్క కిరణ్మయి విషయంలోనే, అది ఆమెకు పచ్చి పుండు లాంటి విషయం, ఇంట్లో నేను నెమ్మదిగా అడుగుతానని కౌశిక్ అడ్డుపడ్డాడట. మర్నాడే వచ్చి, ఒప్పుకుందని చెప్పాడట.

"నన్నెవరూ అడగలేదు" అంది కిరణ్మయి. "నా నక్షా నాకిచ్చేయండి."

"నిన్ను ఈ పని నుంచి ఇప్పుడే తప్పిస్తాను" అంది హెలెన్, పాలిపోయిన మొహంతో. "నక్షా మాత్రం కంపెనీది. ఇప్పటికే మినిస్ట్రీకి వెళ్ళిపోయింది. ఐయామ్ సో సారీ."

ఆ సారీని ఏం చేసుకోవాలో కిరణ్మయికి తెలియలేదు.

కౌశిక్ కార్ పార్క్‌లో దొరికాడు. తేలు కుట్టిన దొంగలా ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

"కిరణ్, ఇక్కడొద్దు. ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో మాట్లాడావటగా! నేను ఊఁ అన్నానటగా! మా నాన్న మొండిచెయ్యి చూపించి మరీ నాకు పెద్ద మనసని సర్టిఫికెట్ తెచ్చావటగా!"

"అరవకు. నువ్వు ముట్టుకున్నదేముంది? స్క్రీన్ మీద గీతలు గీశావు. నువ్వు కాకపోతే ఇంకొకరు గీసేవాళ్ళు. నిన్ను లీడ్ ఇంజనీర్‌ని చేస్తామన్నారు. నీ మంచికే చేశా."

"నా మంచి నాకు చెప్పకుండానా?"

ఇన్నేళ్ళూ ఒకే కంచంలో తిన్న మనిషి ఇలా నమ్మించి గొంతు కోస్తాడని కలలో కూడా అనుకోలేదు. శత్రువైతే జాగ్రత్తపడేది.

కౌశిక్‌కి పౌరుషం వచ్చింది. "నేనేం నా ఇష్టమొచ్చినట్టు చెయ్యలేదు. అడగాల్సినవాళ్ళని అడిగే చేశా."

"ఎవర్ని?"

"మామయ్యగారిని."

కిరణ్మయి అక్కడే, వాన తుంపరలోనే, తండ్రికి ఫోన్ చేసింది. అబద్ధమని ఆయన ఒక్క మాట అంటే చాలు. మొగుడు పోయినా తండ్రి మిగులుతాడని ఆమె ఆశ.

"నాన్నా, నా ఉద్యోగం గురించి ఆయన నిన్నేమైనా అడిగారా?"

"ఆఁ, అడిగారమ్మా అల్లుడుగారు, పోయిన వేసంగిలో" అన్నాడు వీరాంజనేయులు తేలిగ్గా. "మిలిట్రీ పనంట, నా చెయ్యి సంగతి గుర్తుండి నువ్వు బాధపడతావంట. పిల్ల పైకొస్తానంటే నా చెయ్యి అడ్డమేంటి బాబూ, కానివ్వండి అన్నా. ఎంత మర్యాదగా అడిగారనుకున్నావ్! ఈ రోజుల్లో ఏ అల్లుడు అడుగుతాడు మామని?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నారమ్మా."

"మీ ఇద్దరూ మాట్లాడుకున్నారు. చేసేదాన్ని నేను. నన్నెందుకు అడగలేదు నాన్నా?"

అవతల ఆయన టీవీ చప్పుడు తగ్గించాడు. తర్వాత ఆయన, చిన్నప్పుడు చేదు మందు తాగించేటప్పుడు బుజ్జగించిన గొంతుతోనే అన్నాడు.

"అడిగితే నువ్వు వద్దంటావు కదా తల్లీ."