కుడిజేబు కొలత

ఆ ఫ్యాక్టరీలో పద్దెనిమిదేళ్ళు పనిచేసి కూడా ఆమె ఒక్క ప్యాంటు పూర్తిగా కుట్టలేదంటే ఎవరూ నమ్మరు. కానీ నిజం అదే. ఆడవాళ్ళ జీన్స్ ప్యాంట్లు కుట్టే చోటు అది. ఒకళ్ళు నడుముపట్టీ కుడితే ఇంకొకళ్ళు కాలి అంచు మడిచేవాళ్ళు, వేరొకళ్ళు బెల్టు లూపులు వేసేవాళ్ళు. ఆమె వంతు వెనక ఎడమ జేబు. పొద్దున్నే మిషను ముందు కూర్చుంటే గంట కొట్టేదాకా ఎడమ జేబులే. దాంతో ఆమెకి ఎడమజేబు అన్న పేరు స్థిరపడిపోయింది. కన్నవాళ్ళు ముచ్చటపడి పెట్టిన పేరు హాజరు పుస్తకంలో పడి ఉండేది. మొగుడు కోపం వస్తే "ఏమే ఎడమజేబూ" అనేవాడు, ప్రేమ వచ్చినా అదే అనేవాడు. పక్క మిషను ఆవిడ పేరు కుడిజేబు అని వేరే చెప్పక్కర్లేదు.

ఫ్యాక్టరీ మూసేసి తొమ్మిదేళ్ళయినా ఎడమజేబుకి ఒక గర్వం మాత్రం మూతపడలేదు. తను కుట్టిన జేబు ఒక్కటి కూడా తప్పని చెప్పి వెనక్కి పంపినవాళ్ళు లేరట. ఇంటికొచ్చినవాళ్ళు మంచినీళ్ళు అడిగినా ముందు ఆ మాట చెప్పి, తర్వాత గ్లాసు అందించేది. అందరూ సుద్ద గుర్తు చూసుకుని జేబు పెడితే ఆమె గుర్తు వంక చూసేదే కాదు. ప్యాంటు వెనక నడుము కింద అడ్డంగా ఒక కుట్టు ఉంటుంది కదా, దాని కింద బొటనవేలు ఆనించి, వేలి కింద జేబు పెట్టి కుట్టేసేది. దేవుడిచ్చిన టేపుండగా సుద్ద ఎందుకనేది. మాటలో పొగరు ఉన్నా పనిలో వంక పెట్టడానికి లేదు.

ఇప్పుడామె పాత జీన్స్ అమ్మే ఒక షాపులో వెతికే పనీ, బాగుచేసే పనీ చేస్తోంది. సైకిళ్ళ షాపు పైన రెండు గదులు. నడిపేది ఆమె కూతురి వయసు పిల్ల, అందరికీ ఓనరమ్మాయి. బొడ్డుదాకా వచ్చే నడుము, నిటారు కాళ్ళు, సాగని మందపాటి గుడ్డ, జిప్పుకి బదులు బొత్తాలు, ఇవి కావాలని ఆడపిల్లలు ఇప్పుడు మెట్లెక్కి వస్తున్నారు. ఒకప్పుడు ఫ్యాక్టరీలో పాత మోడల్ అని పేరు పెట్టి కొత్తగా కుట్టినవి ఇవే. ఇన్నాళ్ళకి నిజంగానే పాతబడి, పేరు నిలబెట్టుకున్నాయి.

మంగళవారం పాత ప్యాంట్ల మూట వస్తే ఓనరమ్మాయి లేబుళ్ళు చదువుతుంది. ఎడమజేబు లేబుల్ జోలికి పోదు. ప్యాంటుని అరచేతిలో వేసుకుని బరువు చూస్తుంది, తిరగేసి లోపలి కుట్లు తడుముతుంది, తొడల దగ్గర గుడ్డని కిటికీకి అడ్డం పెడుతుంది. వెలుతురు కనబడిందా, అది రేపో మాపో చిరిగే సరుకే. ఓనరమ్మాయి నాలుగు తీసేలోపు ఆమె తొమ్మిది తీస్తుంది. ఎలాగమ్మా అంటే, పెళ్ళికొడుకుని ఫొటోలో చూసి ఒప్పుకుంటామా అంటుంది.

ఆ షాపుకి ఆరు నెలలుగా ఒక టీచరమ్మ తిరుగుతోంది. నడుము సరిపోతే తుంటి దగ్గర పట్టేది, తుంటి సరిపోతే నడుము దగ్గర గుప్పెడు గుడ్డ మిగిలేది. పాపం, ప్రతిసారీ లోపం తన ఒంటిదే అన్నట్టు క్షమించమని చెప్పి దిగిపోయేది. ఒక మంగళవారం మూట అడుగున ఎడమజేబు చేతికి ఒక ప్యాంటు తగిలింది. చూడగానే అది టీచరమ్మకి సరిపడేదే అనుకుంది. నీలం పోవలసిన చోట పోయి, ఉండవలసిన చోట ఉంది. ఒక్కటే లోటు, వెనక కుడి జేబు ఊడిపోయింది. ఎడమ జేబు మూల తిప్పి చూస్తే కుట్టు మూడుసార్లు వెనక్కీ ముందుకీ పోయి ఆగింది. అందరూ రెండుసార్లు వేసేవాళ్ళు, మూడుసార్లు వేసేది ఆమె ఒక్కతే. తన చేతిపని తన చేతికే వచ్చేసరికి గుండె నిండిపోయింది. మనవణ్ణి ఎత్తుకొచ్చినట్టు ప్యాంటుని ఎత్తుకుని ఓనరమ్మాయికి చూపించింది. ఆ పిల్లా సంబరపడి, శనివారం టీచరమ్మని రమ్మంటానని, ఈలోపు కుడి జేబు వేసెయ్యమని చెప్పింది.

జేబే కదా, ఎంతసేపు అనుకుంది. అదే రంగులో వెలిసిన చిరుగు ప్యాంటు నుంచి గుడ్డ కత్తిరించింది. జేబు మీద రెండు వంపుల కుట్టు ఉంటుంది. ఎడమ జేబు వంపు ఒక వైపు వాలితే కుడి జేబుది అద్దంలో చూసినట్టు రెండో వైపు వాలాలి. కుట్టి పక్కన పెట్టి చూసుకుంది. రెండూ ఒకే వైపు వాలి ఉన్నాయి. నవ్వుకుని విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ ఎడమ జేబే వచ్చింది. బుర్ర కుడి అంటోంది, చెయ్యి వినడం లేదు.

"రెండు ఎడమ చెప్పులు వేసుకున్నట్టుంది పిన్నీ" అంది ఓనరమ్మాయి.

ఆ సంగతి తర్వాత చూద్దాంలెమ్మని, ముందు జేబు పెట్టే చోటు సరిచూసుకుందామనుకుంది. ఊడిన జేబు చోట గుడ్డ వెలవకుండా జేబు ఆకారంలో ముదురు నీలంగా మిగిలి ఉంది. అడ్డకుట్టు కింద బొటనవేలు ఆనించింది. వేలి కింద, గీత గీసినట్టు, ఆ నీలం అంచు. ఎవరో గానీ బాగా కుట్టారు అనుకుంటూ అలవాటుగా వేలిని తన జేబు దగ్గర పెట్టింది. వేలికీ జేబుకీ మధ్య సందుంది. వేలు జరిపి మళ్ళీ పెట్టింది. సందు అలాగే ఉంది.

అప్పుడు నడుములోపలి లేబుల్ చూసింది. కత్తెరతో నిలువునా కోసి ఉంది. తప్పున్న సరుకుని సెకండ్స్ అని తక్కువ ధరకి తోసేసేటప్పుడు అలా కోసేవాళ్ళు. పాత మోడల్లో జేబులు ఎగుడుదిగుడై అలా పోయినవి ఒక్క అరవయ్యే. ఆ అరవై ఆమె మరిచిపోయేవి కావు.

ఆ రోజు వాటిని పట్టుకుని చెకింగ్ ఆయన మిషన్ల దగ్గరికొచ్చి తప్పెవరిదని అడిగాడు. బయట లారీ ఆగి ఉంది, ఆయనకి తీరిక లేదు. కుడిది పైకుందని ఎడమజేబు గట్టిగా అంది. అంత మంచి పేరున్న మనిషి చెప్పాక ఇంక టేపు తీసేదెవరు? కుడిజేబు మాత్రం మెల్లిగా, ఒకసారి కొలవండి సార్ అంది. ఎవరూ కొలవలేదు. మర్నాడు కుడిజేబుని బొత్తాల మిషను మీదికి మార్చారు. రోజంతా నిలబడి కుడికాలితో తొక్కే పని. ఫ్యాక్టరీ మూసేదాకా ఆరేళ్ళు తొక్కింది. ఆ మోకాలు ఇప్పటికీ వంగదని ఎవరో చెబితే ఎడమజేబు అయ్యో పాపం అని, పని సరిగ్గా చేసుకుంటే ఇదంతా ఉండేది కాదు కదా అని కూడా అంది. గురివిందకి తన నలుపు తెలియదంటారు, ఇంకెలా ఉంటుంది?

ఇప్పుడు గుర్తొచ్చింది. ఆ వారం ఆమె బొటనవేల్లో సూది దిగింది. రెండు చుట్లు గుడ్డ కట్టుకుని, ఒక్కపూట కూడా మానకుండా కుట్టానని తర్వాత ఎందరికో గొప్పగా చెప్పుకుంది. కట్టు కట్టిన వేలితోనే కొలిచింది. ఆ సందు సరిగ్గా రెండు చుట్ల మందం ఉంది.

ఆమెకి ఒళ్ళంతా సిగ్గుతో మండిపోయింది. తన జేబు విప్పి కాస్త పైకి కుట్టేస్తే లోకంలో ఎవరికీ తెలియదు. ఆ మాట అనుకుంది కూడా. రెండు రోజులు తేలుకుట్టిన దొంగలా షాపులో తిరిగింది. ఓనరమ్మాయి ఒంట్లో బాగోలేదా పిన్నీ అంటే, నాకేం, రాయిలా ఉన్నానని కసిరింది. శుక్రవారం మధ్యాహ్నం ప్యాంటునీ, కత్తిరించిన గుడ్డనీ సంచిలో పెట్టుకుని కుడిజేబు ఇంటికి బయల్దేరింది.

తలుపు తీసింది కుడిజేబు భర్త, లిఫ్టులు బాగుచేసే మనిషి. ఒకప్పుడు ఆమె అతన్ని బావా అని పిలిచి ఏడిపించేది. అతను ఆమెని ఎగాదిగా చూసి, ఎడమ వచ్చింది, కుడి మాట్లాడుతుందో లేదో మరి, అంటూ పక్కకి తప్పుకున్నాడు. వెనక గదిలో కుడిజేబు దిండు గలీబులు కుడుతోంది. కుడికాలు చాచి స్టూలు మీద పెట్టుకుంది, ఎడమకాలితోనే మిషను తొక్కుతోంది. తల ఎత్తలేదు. ఎడమజేబు ప్యాంటుని వెనక వైపు పైకి ఉండేలా బల్ల మీద పరిచింది. మిషను ఆగింది.

"ఇది ఆ అరవైలోది" అంది కుడిజేబు.

"అవునక్కా." ఎడమజేబు మెడలోంచి టేపు తీసి ఆమెకి అందించింది. "కొలువు."

"ఇప్పుడెందుకు?"

"ఆ రోజు కొలవమన్నావు. ఎవరమూ కొలవలేదు."

కుడిజేబు ముందు తన జేబు ఆనవాలు కొలిచింది, తర్వాత ఎడమ జేబు కొలిచింది, మళ్ళీ తనది కొలిచింది. కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎడమజేబు నిలబడే అన్నీ చెప్పింది. సూది దిగిన సంగతీ, కట్టు సంగతీ, నోరున్నది కాబట్టి గెలిచిన సంగతీ. చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"నువ్వు అన్నందుకు కాదే నా బాధ" అంది కుడిజేబు. "నా చెయ్యే తప్పిందేమో అని నాకే అనుమానం పట్టుకుంది. ఇన్నేళ్ళూ ఈ గలీబుల్ని కూడా నాలుగేసిసార్లు కొలిచి కుడుతున్నాను."

కుడిజేబు చెయ్యి చాచి, గుడ్డ ఇటివ్వమంది. గలీబు తీసి పక్కన పెట్టి, సూది మార్చి, దారం మార్చి వంపు మొదలుపెట్టింది. పదిహేనేళ్ళుగా ముట్టని వంపు. ఒక్కసారి కూడా ఆగకుండా, గీత గీసుకోకుండా, వాలవలసిన వైపు వాలుతూ పోయింది. ఆ పని చూస్తుంటే ఎడమజేబుకి ఏడుపు పోయి గర్వం వచ్చింది. పన్నెండేళ్ళు ఇలాంటి మనిషి పక్కన కూర్చున్నాను కదా అనిపించింది. జేబు ఆ నీలం ఆనవాలు మీద దారం తేడా లేకుండా కూర్చుంది.

కుడిజేబు దారం తెంపి, కుర్చీలోంచి బల్ల ఆసరాతో లేచింది.

"ఇప్పుడు నీది విప్పు. నా జేబు పక్కన వంకరది ఉంటే ఒప్పుకోను."

ఫ్యాక్టరీలో ఉన్నప్పుడు ఆ మాట అనివుంటే ఇద్దరి జుట్లూ ముడిపడేవి. ఇప్పుడు ఎడమజేబు కూర్చుని, తను మూడేసిసార్లు బిగించిన కుట్లని ఒక్కొక్కటే తెంపింది. కుడిజేబు సుద్దతో గుర్తు పెట్టి, గుర్తు చూసి కుట్టమంది, వేలు పెట్టావంటే ఊరుకోనంది. ఎడమజేబు గుర్తు చూసే కుట్టింది. పక్కన నిలబడి కొలిచింది కుడిజేబే.

శనివారం కుడిజేబు కూడా షాపుకొచ్చింది. నా జేబు ఎవరి ఒంటిమీదికి పోతోందో చూడాలంది. మోకాలితో ఆ మెట్లెక్కడానికి చాలాసేపు పట్టింది. ఎడమజేబు చెయ్యి అందిస్తే విసిరికొట్టింది, మధ్యలో తనే అడిగి పట్టుకుంది. టీచరమ్మ తెర వెనక ప్యాంటు వేసుకుని బయటికొచ్చింది. నడుము దగ్గర వేలు దూరేంత చోటు, తుంటి దగ్గర ముడత లేదు. ఆరు నెలల్లో మొదటిసారి ఆమె ఎవరికీ క్షమాపణ చెప్పలేదు. ఎలా చూసుకోవాలో ఎడమజేబు మొదలుపెట్టింది, ఊరికే ఉతక్కూడదని, ఉతికితే తిరగేసి చన్నీళ్ళలో జాడించాలని. పిండకూడదని కుడిజేబు అందుకుంది. నడుము పట్టుకుని నీడలో వేలాడదియ్యాలని ఇద్దరూ ఒకేసారి అన్నారు.

షాపులో ఇంకో నలుగురైదుగురు ఆడపిల్లలున్నారు. ఓనరమ్మాయి వంగి రెండు జేబుల్నీ చూసి, కొత్తగా వేసిందేదో తెలియడం లేదే పిన్నీ అంది.

"కుడిది కొత్తగా వేసింది, ఈ అక్క చేత్తో" అంది ఎడమజేబు, షాపంతా వినబడేలా. "ఎడమది నాది. మొదట తప్పు కుట్టింది నేను. తప్పు ఈవిడదని చెప్పి ఈవిణ్ణి ఆరేళ్ళు నిలబెట్టాను. మా ఫ్యాక్టరీ మొత్తంలో మంచి చెయ్యి ఈవిడది."

ఓనరమ్మాయి కుర్చీ తెచ్చి కుడిజేబు వెనక వేసింది. ఆవిడ కూర్చోలేదు. టీచరమ్మని ఒకసారి వెనక్కి తిరగమని అడిగింది. ఆమె తిరిగింది. కుడిజేబు తల కాస్త పక్కకి వాల్చి, రెండు జేబుల్నీ చాలాసేపు చూసి, కళ్ళద్దాలు సర్దుకుంది.

"ఒకటి అయింది" అంది. "ఇంకా యాభై తొమ్మిది ఉన్నాయి."

ఎడమజేబు వెళ్ళి గోడవార ఉన్న కొత్త మూటని ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కొచ్చి, ముడి విప్పడం మొదలుపెట్టింది.