మూడో పూస

నడుము ఎక్స్‌రేలు చదవడం నా ఉద్యోగం. రోజుకు నలభై చదువుతాను. అందులో ముప్పై ఐదింటికి రాసేది ఒకటే: "వయసుతో వచ్చిన అరుగుదల. ఇతర దోషాలేవీ కనిపించలేదు." ప్రతిసారీ దీన్ని టైపు చేస్తూ కూర్చుంటే పని తెమలదు. అందుకని కంప్యూటర్లో దాచిపెట్టుకున్నాను. ఒక మీట నొక్కితే పేరాకు పేరా వచ్చి పడుతుంది. మా విభాగంలో నాకంటే వేగంగా చదివేవాళ్ళు లేరు. ఆ మాట ఎవరైనా నా ముందు అంటే, వద్దు వద్దంటూనే ఇంకోసారి అనిపించుకునేదాన్ని.

పాఠం చెప్పేటప్పుడు మాత్రం నా అంత జాగ్రత్త మనిషి ఇంకొకరు ఉండరు. ఏటా కొత్తగా వచ్చే విద్యార్థులకు మొదటి రోజే చెబుతాను. ఎదురు నుంచి తీసిన బొమ్మలో ఒక్కో వెన్నుపూస ఒక్కో ముఖంలా కనిపిస్తుంది. అటొకటి ఇటొకటి రెండు గుండ్రటి మచ్చలు, అవి కళ్ళు. మధ్యలో ముక్కు. నడుములో పూసలు ఐదు, కళ్ళు పది. కింది నుంచి లెక్కపెట్టండి. పది వచ్చాకే మీట మీద వేలు పెట్టండి. ఏ పూసకైనా ఒక కన్ను కనపడకపోతే దాన్ని లోపల ఏదో తినేస్తోందని అనుమానించండి. దాంతోపాటు ఇంకో ముక్క: "ఒక దొంగ దొరికాడు కదా అని రెండోవాణ్ని వెతకడం మానేస్తారు. మన వృత్తికి పట్టిన పాత జబ్బు అది." పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు.

మా బావ, అంటే అక్క భర్త, దర్జీ. ఆసుపత్రికి రెండు వీధుల అవతల కొట్టు. నేను డాక్టరు చదువుకు వెళ్ళేటప్పుడు నా మొదటి తెల్లకోటు కుట్టింది ఆయనే. కుట్టేశాక ఎడమ జేబు గోరంత కిందికి దిగిందని మళ్ళీ మొత్తం విప్పాడు. "ఎవరు చూస్తారు బావా?" అంటే, "నేను చూశానుగా," అన్నాడు. ఒక కుట్టు తేడా వచ్చిందంటే ఆ బట్టకు మోక్షం లేదని అక్క ఇప్పటికీ విసుక్కుంటుంది.

ఆయనకు యాభై తొమ్మిదేళ్ళు. నాలుగు నెలల క్రితం ఒక మధ్యాహ్నం నడుము పట్టుకుని నా గదికి వచ్చాడు. ఎముకల డాక్టరు రాసిస్తే కింద ఎక్స్‌రే తీయించుకుని, నేరుగా నా దగ్గరికే ఎక్కి వచ్చాడు. సరిగ్గా ఆ వారమే వాళ్ళు ఇల్లు మారుతున్నారు.

"ఏం బావా, బీరువాలు మోయాల్సి వచ్చేసరికి నడుం గుర్తొచ్చిందా?" అన్నాను.

"అదేం కాదు డాక్టరమ్మా. పడుకుంటే ఎక్కువవుతోంది. అదే విచిత్రం."

పడుకుంటే ఎక్కువయ్యే నొప్పి అనగానే నేను కుర్చీలో నిటారుగా కూర్చోవాలి. కూర్చోలేదు. నవ్వుతూనే బొమ్మ తెరిచాను. పక్క నుంచి తీసిన బొమ్మలో నాలుగో పూసకూ ఐదో పూసకూ మధ్య సందు తగ్గి ఉంది, అంచుల్లో చిన్న ముళ్ళలా ఎముక పెరిగి ఉంది. దొంగ దొరికాడు. ఎదురు బొమ్మ మీద చూపు అలా పోనిచ్చి మీట నొక్కేశాను.

"అరుగుదల బావా. నీ వయసుకు అందరికీ ఉండేదే. దీన్ని మా భాషలో బీరువా నొప్పి అంటారు. బీరువా లోపలికి చేరగానే తగ్గిపోతుంది."

ఆయన పకపకా నవ్వి, "పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు కానీ మాకు బాగానే పనికొస్తోంది," అంటూ లేచాడు. లేవడానికి బల్ల అంచు పట్టుకున్నాడు. అదీ చూశాను.

ఆ ఆదివారం అక్క బీరువా ఒక కొస పట్టుకుంటే రెండో కొస బావ పట్టుకున్నాడు. "డాక్టరే ఏమీ లేదంది కదా," అన్నాడట.

బీరువా నొప్పి అన్న పేరు ఇంట్లో అందరి నోళ్ళలో పడింది. భోజనాల దగ్గర ఆయన మెల్లగా లేస్తే "అదిగో, బీరువా లేస్తోంది," అనేవాళ్ళం. కొట్లో స్టూలు వేసుకుని కత్తిరిస్తున్నాడంటే అక్క "పని తప్పించుకోవడానికి ఈ మనిషికి కొత్త వంక దొరికింది," అనేది. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. పేరు పెట్టింది నేను కదా. ఆయనా నవ్వేవాడు. చిక్కిపోతున్నాడని ఒకసారి అనిపించింది. కొత్తింటి మెట్ల వల్ల అనుకున్నాను.

పోయిన వారం కుట్టు మిషను మీద కూర్చుంటే ఎడమ పాదం తొక్కనని మొరాయించింది. స్కాన్ తీశారు. మూత్రపిండంలో పుట్టిన గడ్డ ఎముకకు పాకి, నడుములో మూడో పూసను తినేసి, నరాన్ని నొక్కుతోంది. ఆపరేషను చేసి నరం మీద ఒత్తిడి తీసేస్తామనీ, కాలికి కదలిక తిరిగి వస్తుందో రాదో చెప్పలేమనీ, మిగతా వైద్యం ఆ తర్వాత మొదలుపెడతామనీ ఎముకల డాక్టరు అన్నాడు. పక్కకు వచ్చి నాతో, "మొదట్లో ఎక్స్‌రేలో ఇవి కనపడవు కదా మేడమ్," అన్నాడు. పాత బొమ్మ ఆయన తెరిచి చూడలేదు. నన్ను గౌరవించి అన్న మాట అది.

"అవును," అన్నాను.

గదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుని పాత బొమ్మ తెరిచాను. కింది నుంచి లెక్కపెట్టాను. ఐదో పూసకు రెండు. నాలుగో పూసకు రెండు. మూడో పూసకు ఒకటి. ఎడమ వైపు ఉండాల్సిన చోట ఖాళీ. వెలుగు పెంచి చూశాను, తగ్గించి చూశాను, లేని కన్ను ఎక్కడి నుంచి వస్తుంది? నా దగ్గర నెల రోజులు చదివిన పిల్ల ఎవరైనా దీన్ని చూసి కేక పెట్టేది. తల కొట్టేసినట్టయింది నాకు. దాని కింద నా రిపోర్టు ఉంది. ఇతర దోషాలేవీ కనిపించలేదు. కనిపించకపోవడం నిజమే, చూస్తే కదా.

మూడు రోజులు తేలు కుట్టిన దొంగలా తిరిగాను. వార్డులో అక్క వచ్చినవాళ్ళందరికీ ఒకటే చెబుతోంది: "మా చెల్లి కంటికే కనపడకుండా దాక్కుందంటే అది ఎంత టక్కరిదో చూడండి." వాళ్ళు నా వంక జాలిగా చూసేవాళ్ళు. ఆ జాలిని నేను తీసుకున్నాను. తప్పు చేసినందుకు పడ్డ సిగ్గు ఒక ఎత్తు, దాన్ని దిగమింగి ఆ జాలి తీసుకున్నందుకు పడ్డ సిగ్గు ఒక ఎత్తు.

మా దగ్గర సంతకమైన రిపోర్టును చెరపడానికి వీల్లేదు. కింద తేదీ వేసి కొత్త మాట చేర్చవచ్చు, అంతే. నాలుగో రోజు, ఆపరేషనుకు ముందు రోజు, చేర్చాను. "మూడో పూస ఎడమ కన్ను ఈ బొమ్మలోనే లేదు. చదివిన డాక్టరు గమనించలేదు." ఎముకల డాక్టరుకు పంపించాను. నా ధైర్యం మీద నాకు నమ్మకం లేదు కాబట్టి వెనక్కి రాలేని పని ముందు చేసి, అప్పుడు వార్డుకు నడిచాను.

అక్క స్నానానికి ఇంటికి వెళ్ళింది. బావ కిటికీ పక్క మంచం మీద వాలి, దుప్పటి అంచు కుట్టు ఎంత దూరం దూరం వేశారో గోటితో కొలుస్తున్నాడు.

"నా నడుం అందరూ చూశారు, నేను తప్ప," అన్నాడు నన్ను చూడగానే. "ఆ బొమ్మ ఏదో నాకూ చూపించవమ్మా."

లాప్‌టాప్ ఆయన ఒళ్ళో పెట్టి పాత ఎక్స్‌రే తెరిచాను. ఇవి ఐదు పూసలు, కింది నుంచి ఎంచుతాం అని మాత్రం చెప్పాను. కళ్ళ సంగతి ఎత్తలేదు.

కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు. "ఓరి, చొక్కాలు దొంతర పెట్టినట్టున్నాయే. ఒక్కోదానికి రెండేసి గుండీలు." కింది నుంచి వేలు పైకి జరుపుకుంటూ పోయాడు. వేలు ఆగింది. "దీనికి ఒకటే ఉందేం? ఇటుపక్కది ఊడిపోయిందా?"

నిమిషం కూడా పట్టలేదు ఆయనకు.

"అదే బావా నీ జబ్బు."

"నిన్న తీసిందా ఇది?"

"కాదు. నువ్వు నా గదికి వచ్చావే, బీరువాలు మార్చేముందు, ఆ రోజుది."

"అప్పటికే ఊడిందా?"

"ఊడింది. నేను లెక్కపెట్టలేదు బావా. నీతో నవ్వుతూ కూర్చుని, అందరికీ రాసేదే నీకూ రాసి పంపించేశాను. ఆ రోజే చూసి ఉంటే నీ కాలిదాకా వచ్చేది కాదు."

తిడతాడేమోనని సిద్ధపడి వచ్చాను. పోనీలే అంటాడేమోనని, అంటే ఏం చెయ్యాలో కూడా అనుకుని వచ్చాను. ఆయన రెండూ చెయ్యలేదు. ఆ ఖాళీ చోటును వేలితో ఇంకోసారి తడిమాడు. తర్వాత గుండెల నిండా గాలి పీల్చుకుని వదిలాడు.

"అయితే నొప్పి నిజమేనన్నమాట."

నాకు అర్థం కాలేదు.

"నువ్వు లేదన్నాక ఉందని నేనెలా అనుకుంటాను చెప్పు? నాలుగు నెలల నుంచి పని దొంగనైపోయాననే అనుకుంటున్నా. పొద్దున లేవలేకపోతే, ఛీ, ఏం బతుకురా నీదని నన్ను నేనే తిట్టుకునేవాణ్ని. మీ అక్క నిద్రపోయాక గోడ పట్టుకుని నిలబడేవాణ్ని, లేపితే మళ్ళీ బీరువా అంటుందని." ఆయన ముఖం తేటపడింది. నిజంగా తేటపడింది. "నేను దొంగని కాదన్నమాట."

ఆ ముఖం చూడలేక నేల చూపులు చూశాను. ఎముక తినేసింది గడ్డ. ఈయన మాట మీద ఈయనకు నమ్మకం లేకుండా చేసింది మాత్రం నేను.

"మీ అక్కకు ఇప్పుడే చెప్పకు," అన్నాడు మెల్లగా. "రేపటి గండం గడవనీ."

ప్రాణం లేచి వచ్చింది నాకు. అలా లేచి వచ్చినందుకు నన్ను చూసి నాకే అసహ్యం వేసింది.

అక్క ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. తలుపు దగ్గర పక్క మంచం ఆవిడ పలకరిస్తే ఆగి, "ఏం చెప్పమంటావమ్మా, మా చెల్లి కంటికే కనపడకుండా దాక్కుంది," అని మొదలుపెట్టింది.

"దాక్కోలేదక్కా," అన్నాను. "నాలుగు నెలల కిందటి బొమ్మ ఇది. నేను సరిగ్గా చూడలేదు. రా. కింది నుంచి లెక్కపెట్టు."

బావ నా చెయ్యి నొక్కాడు, ఆపమని. నేను ఆపలేదు. అక్క ఫ్లాస్కు కింద పెట్టి వచ్చి వంగింది. ఒక్కోదానికి రెండేసి గుండీలుండాలని బావ చెప్పాడు. ఆమె వేలు ఒకటి, రెండు అంటూ పైకి వచ్చి మూడో పూస దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది.

నా వంక తిరుగుతుందని ఎదురుచూశాను. నన్ను ఏమన్నా పడదామనే నిలబడ్డాను. అక్క నా వంక చూడనే లేదు. ఆయన పాదాల దగ్గర కూలబడి, కదలని ఎడమ కాలిని దుప్పటి మీద నుంచే రెండు చేతులా పట్టుకుంది.

"ఇంత నొప్పి పెట్టుకున్న మనిషి చేత బీరువా మోయించానా నేను?" అంది. "నేను మోయించానా?"

"నువ్వు కాదక్కా, నేను," అన్నాను. ఆమె వినలేదు.