రథమూ, డొక్కూ

గుడివాడలో సీతారామయ్య గారి షెడ్డులో రెండు వాహనాలు కొలువుదీరి ఉండేవి. ఒకటి, ఏ జమీందారో వదిలించుకున్న, టాపు మడిచే విలాయతీ కారు. దాని పేరు రథం. పెళ్లి ఊరేగింపులకు తప్ప కదలదు. దుమ్ము పడకుండా దానికి తెల్లదుప్పటి. రెండోది డొక్కు వ్యాను. వడ్లబస్తాలూ, పురిటి నొప్పులూ, మొవ్వ చుట్టాలూ, ఈ ఏడాదంతా ఆసుపత్రికి ఆయన భార్య లక్ష్మీకాంతమ్మ గారూ దాని భారమే. దానికి వానే అభ్యంగనం.

రథమెక్కే అర్హత వధూవరులకే అని సీతారామయ్య గారి శాసనం. భార్య అడిగినప్పుడల్లా, "మన షష్టిపూర్తికి మళ్లీ పెళ్లేగా! అప్పుడు దర్జాగా ఎక్కుదువుగాని" అని వరమిచ్చేవారు.

షష్టిపూర్తి ఏడు నెలలుందనగా, ఇక ఇంటికి తీసుకెళ్లమన్నారు డాక్టర్లు. నెలల మాట ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన తన శాసనాన్ని రద్దుచేసి, దుప్పటి మడిచి డిక్కీలో పెట్టి, టాపు తెరిచి, రథాన్ని గుమ్మంలోకి తెచ్చారు.

"పదవే, బందరు సముద్రం దాకా వెళ్దాం."

మెకానిక్ శామ్యూల్ రాజ్ సాయంపట్టి కూర్చోబెట్టాడు. ఆమె నడుము నిలవలేదు, పక్కకు ఒరిగిపోయింది.

"ముహూర్తానికి ముందే ఎక్కితే ఇంతేనండీ," అని నవ్విందామె. "నన్ను డొక్కులో పడుకోబెట్టండి. మీరు ముందు దీన్ని నడపండి. ఎలా ఉంటుందో చూస్తూ వస్తాను."

వ్యానులో సీట్లు తీసి పరుపు వేసేసరికి బాగా పొద్దెక్కింది. ముందు అద్దంలోంచి కనపడేలా తలకింద మూడు దిండ్లు.

"ఏదన్నా అయితే లైట్లు కొడతానండి," అన్నాడు శామ్యూల్, వ్యాను స్టీరింగు ముందు కూర్చుంటూ.

ఊరేగింపు బయల్దేరింది. రథంలో వరుడొక్కడే, పక్క సీటు ఖాళీ. గుడ్లవల్లేరు టీకొట్టు దగ్గర ఎవడో కేకేశాడు.

"ఏంటి బాబాయ్, పెళ్లికూతురు లేచిపోయిందా?"

"వెనకాల వస్తోందిరా!" అన్నారాయన, దర్జాగా, జుట్టు సవరించుకుంటూ.

పెడన ఇంకా రాలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో, అద్దంలో, వ్యాను లైట్లు వెలిగాయి.

ఆయన పరుగెత్తుకొచ్చేసరికి శామ్యూల్ తలుపు పక్కన తల దించుకుని నిలబడి ఉన్నాడు.

"గుడ్లవల్లేరు దాటిందాకా చూస్తూనే ఉన్నారండి అమ్మగారు. మీరు జుట్టు సవరించుకుంటుంటే నవ్వారు కూడానండి."

సీతారామయ్య గారు మళ్లీ రథం దగ్గరికి నడిచి డిక్కీ తెరిచారు. పాతికేళ్లు రథానికి కప్పిన దుప్పటిని తెచ్చి ఆమెకు కప్పారు. వ్యానులో, ఆమె కాళ్ల దగ్గర, నేలమీద కూర్చున్నారు.

"మరి కారండీ?"

"ఇంటికి పోనియ్యి."

టాపు తెరిచిన రథం రోడ్డు పక్కనే ఉండిపోయింది. దాని పట్టుపరుపుల మీద దుమ్ము పడుతోంది.